మీకు తెలుసా? ఎమ్మెస్‌కు వెళ్లిన మన పిల్లల చదువు, ఇంటర్న్‌షిప్

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టూ విదేశీ చదువుల కన్సల్టెన్సీలు కోకొల్లలు. కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ, తెనాలి వైపు పొలం తాకట్టు పెట్టి బిడ్డను అమెరికా పంపిన ఇళ్లూ తక్కువేం కాదు. వీసా చేతికొచ్చేదాకా ఆ తల్లిదండ్రులకు ప్రతి కాగితమూ తెలుసు. అక్కడ చేరాక పిల్లలు ఏ పని చేయొచ్చు, ఎప్పుడు చేయొచ్చు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

● ఈ దారి కొత్తది కాదు. 1902లో కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. తర్వాత విజయవాడ ఎంపీగా, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేసిన కె.ఎల్.రావు ఆయనే. పులిచింతల ప్రాజెక్టుకు పెట్టింది ఆయన పేరే. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో తోళ్ల సాంకేతిక శాస్త్రం చదివారు. తిరిగొచ్చాక మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు.

● భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరుకుని, హార్వర్డ్‌లో చదువుకుంటూ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. నేడు ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి క్యాంపస్ బయట తనంతట తానుగా ఇలాంటి పనికి కుదురుకోవడానికి చట్టం ఒప్పుకోదు. లైబ్రరీ, భోజనశాల, ప్రొఫెసర్ ల్యాబ్ వంటి క్యాంపస్ పనులు మాత్రం చేయొచ్చు. అవైనా క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. సెలవుల్లో పూర్తికాలం చేసుకోవచ్చు. "పెట్రోల్ బంకులో చేరకూడదా నాన్నా?" అని ఫోన్లో అడిగే ముందు ఈ ఒక్క నిబంధన గుర్తుంచుకోండి.

● చదువు నడుస్తుండగా బయటి కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి. మామూలుగా ఒక విద్యాసంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు. మొదటి నుంచీ శిక్షణ తప్పనిసరైన కొన్ని పీజీ కోర్సులకు మాత్రం మినహాయింపు ఉంది. యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల అధికారి ఆ అనుమతిని కంపెనీ పేరుతో, తేదీలతో సహా ఐ-20 పత్రం మీద రాస్తారు. ఆ తేదీకి ఒక్కరోజు ముందు పనిలోకి వెళ్లినా తప్పే. ఇంకో మెలిక కూడా ఉంది. పూర్తికాల సీపీటీ 12 నెలలు నిండితే, అదే స్థాయి చదువు తర్వాత దొరికే పని అనుమతి, అంటే ఓపీటీ, చేజారిపోతుంది.

ఇక్కడే మన పిల్లలు ఘోరంగా మోసపోయారు. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని 2011 జనవరిలో మూయించినప్పుడు అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ ఇంకా దారుణం. అక్కడ పాఠాలూ లేవు, అధ్యాపకులూ లేరు. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే. క్లాసులు లేకుండా సీపీటీ దొరుకుతుందని నమ్మి చేరినవాళ్లలో 129 మంది భారతీయులను 2019 జనవరి చివరలో అదుపులోకి తీసుకున్నారు. కట్టిన ఫీజు పోయింది, చదువూ పోయింది. అధికారులే వల పన్నడం న్యాయమా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అయినా క్లాసుకు వెళ్లనక్కర్లేదని చెప్పే కాలేజీని, అక్కడికి పంపే దళారిని నమ్మకూడదు.

● 2024-25లో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,63,019. అందులో 1,43,740 మంది తరగతి గదిలో లేరు, ఓపీటీలో ఉన్నారు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఇద్దరు. డిగ్రీ తర్వాత ఓపీటీ 12 నెలలు. సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకు స్టెమ్ పొడిగింపు కింద మరో 24 నెలలు. అయితే మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. పొడిగింపుతో కలిపి 150. "ఇంకా రాలేదా?" అని మీరు రోజూ అడిగే ప్రశ్నను ఆ పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటూ వింటున్నారు.

● చివరగా డబ్బు సంగతి. 1989లో భారత్, అమెరికా కుదుర్చుకున్న పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. చాలా దేశాల విద్యార్థులకు ఈ వీలు లేదు. 2024 సంవత్సరానికి ఒంటరి వ్యక్తికి అది 14,600 డాలర్లు. వేసవి ఇంటర్న్‌షిప్ జీతంలో పెద్ద భాగమే మిగులుతుంది. ఎఫ్-1 మీద వెళ్లినవాళ్ల జీతంలో సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా ఉండకూడదు. పొరపాటున కోసి ఉంటే ముందు కంపెనీనే అడగాలి. అక్కడ తేలకపోతే ఫారం 843 నింపి పన్నుల శాఖ నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.