తొట్రుపడిన శిష్యుడు – నిలదొక్కుకొన్న నాయకుడు

నాయకులు పుట్టుకతోనే స్థిరచిత్తులై యుందురని మనలో పలువురి అభిప్రాయము. తొలి క్రైస్తవ సంఘమున ప్రముఖుడైన పేతురు చరిత్రను చదివినచో ఈ అభిప్రాయము నిలువదు.

ఆయన అసలు పేరు సీమోను. గలిలయ తీరమునందలి బేత్సయిదా ఆయన ఊరు. చేపలు పట్టుట వృత్తి. సోదరుడు అంద్రెయ తోడ్కొనిపోగా, యేసుప్రభువు ఆయనను చూచి కేఫా యని పేరిడెను. అరమేయిక భాషలో కేఫా యనగా రాయి. పేతురు అను గ్రీకు పేరునకును అదియే అర్థము. అప్పటి సీమోను స్వభావమునకు ఆ పేరు ఏమాత్రము తగినది కాదు. ఆయన మాట ముందు, ఆలోచన వెనుక.

సువార్తలలో ఇందుకు నిదర్శనములు పెక్కులు కలవు. ప్రభువును చూచి పడవ దిగి నీటిపై నడువబోయెను. గాలిని చూచి భయపడి మునుగజొచ్చెను. అందరును విడిచిపోయినను తాను విడువనని పలికిన రాత్రియే, కత్తి దూసి ప్రధానయాజకుని దాసుడైన మల్కు కుడిచెవిని నరికెను. ఆ రాత్రి తెల్లవారకముందే, ఒక పనికత్తె అడిగిన ప్రశ్నకు బెదరి, ఆయనెవరో తానెరుగననెను. ముమ్మారు అటులే పలికి, కోడి కూయగా వెలుపలికి పోయి మిక్కిలి ఏడ్చెను.

ఆయుధములకు జంకనివాడు పనికత్తె మాటకు జంకుట విచిత్రముగా తోచును. కాని ఆవేశము వేరు, ధైర్యము వేరు. ఆవేశమునకు ఎదుట శత్రువుండిన చాలును. ఒంటరిగా, నలుగురి చూపులనడుమ నిలుచుటకు ధైర్యము కావలెను. అయినను, ఇతరులు పడవలోనే యుండగా దిగినవాడు పేతురే. పలువురు పారిపోగా, దూరమునుండియైనను ప్రభువును వెంబడించెను. ఆయనకు ప్రేమ కలదు. తన బలహీనత మాత్రము తనకు తెలియదు.

అది తెలిసిన పిమ్మటనే ఆయనకు బాధ్యత అప్పగింపబడినది. పునరుత్థానానంతరము సరస్సుతీరమున బొగ్గుల మంటయొద్ద ప్రభువు ఆయన ప్రేమనుగూర్చి ముమ్మారు ప్రశ్నించెను. పేతురు తాను బొంకినదియు బొగ్గుల మంటయొద్దనే యని యోహాను సువార్త తెలుపుచున్నది. ఈసారి పేతురు తన్ను ఇతరులతో పోల్చుకొనలేదు, శపథములు చేయలేదు. తన హృదయము ప్రభువునకే తెలియునని మాత్రము విన్నవించెను. ప్రతి జవాబునకును ప్రభువు తన మందను కాయు పనినే ఒప్పగించెను.

పెంతెకొస్తు దినమున ఆయన యెరూషలేములో బోధింపగా సుమారు 3,000 మంది సంఘమున చేరిరని అపొస్తలుల కార్యములలో కలదు. పిదప అన్న, కయప మున్నగువారి సభయెదుట, ఏ వాకిట బొంకెనో ఆ యింటివారియెదుటనే, తొణకక సాక్ష్యమిచ్చెను. హేరోదు చెరలో, విచారణకు ముందురాత్రి, ఇద్దరు సైనికులనడుమ సంకెళ్లతో నిదురించెను.

కథ ఇంతటితో ముగిసినచో అది మనకు అందని ఆదర్శమై యుండును. కైసరయలో రోమా శతాధిపతియైన కొర్నేలి యింట అడుగిడి ఆచారపు గోడను దాటిన పేతురే, అంతియొకయలో యూదేతర విశ్వాసులతో భుజించుచు, యెరూషలేమునుండి కొందరు రాగానే పంక్తినుండి వెనుదీసెను. ఆయనను చూచి బర్నబా సైతము అటులే చేసెను. పంక్తిభేదము మనసులను ఎంతగా గాయపరచునో మన దేశమున వేరుగా చెప్పనక్కరలేదు. పూర్వము వాకిట కలిగిన భయమే, నలుగురు ఏమందురో యను భయమే, మరల తలయెత్తినది. పౌలు అందరియెదుట ఆయనను నిలదీసెను. అయినను పేతురు పేర వెలసిన రెండవ పత్రికలో పౌలును ఆప్తునిగా స్మరించుట కలదు.

మనము గమనింపదగినది ఇదియే. నాయకుని పాతలోపములు పూర్తిగా నశింపవు. వాటిని ఎత్తిచూపు తోడివారు ఉండవలెను. వినగల వినయము ఆయనకుండవలెను. సంఘమును పేతురు తప్పును దాచలేదు. నాలుగు సువార్తలును ఆయన బొంకును వ్రాసియుంచినవి. ఆయన పేర గల మొదటి పత్రిక, పెద్దలు మందపై పెత్తనము చేయక మాదిరిగా నడువవలెనని హితవు చెప్పుచున్నది. తాను పడి లేచినవాని నోట ఆ హితవునకు బరువు హెచ్చు.

క్రీ.శ. 64లో రోము నగరము దగ్ధమైన పిమ్మట నీరో చక్రవర్తి సాగించిన హింసాకాలమున పేతురు అక్కడనే హతసాక్షియయ్యెనని సంప్రదాయము. ఒకనాడు తగనిదిగా తోచిన పేరునకు ఆయన తుదకు తగినవాడయ్యెను.