శుక్రవారం లేని దీవి

శుక్రవారం మార్నింగ్‌షో క్యూలో చొక్కా చిరిగినా లెక్కచేయని మనిషిని. అలాంటి నేను అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కి – 2018 దాకా అది హేవ్‌లాక్ – మకాం మార్చానంటే మిత్రులు నవ్వారు!

నవ్వరూ మరి! వానాకాలం సముద్రం అల్లకల్లోలమైతే స్టీమరు రాదు, కూరలు రావు. ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. సినిమా వ్యాసాలు రాసుకు బ్రతికేవాణ్ణి – చూడ్డానికి సినిమా హాలేదీ? నెల తిరక్కుండానే పెట్టె సర్దాను.

పక్కింటి శ్రీకాకుళం ముసలమ్మ వచ్చి, "ఎల్తే ఎల్దువుగానీ బావూ, ఒక సినిమా కత సెప్పీసి ఎల్లు" అంది. చెప్పాను. కథ ముగిసేసరికి అరుగుముందు చేపలవాళ్లు పదిమంది!

ఆ పెట్టె ఇంకా కదల్లేదు. ఇప్పుడు అయిదింటికల్లా సూర్యుడే లేపుతాడు. రెండు జతల బట్టలు, చేపల పులుసు, ఒక సైకిలు – చాలు. సంపాదన సగమైంది, అప్పు మాత్రం లేదు. శుక్రవారమంటారా? మా అరుగుమీద ప్రతి సాయంత్రమూ శుక్రవారమే!