కొల్లేటి జాగిలానికి వీడ్కోలు

హీనమైన మరణాన్ని కుక్కచావు అని ఈసడించే తెలుగు భాషే, వేటలో మనిషికి ముందుగా పరుగెత్తే కుక్కను జాగిలం అనే వేరే మాటతో పిలిచి, మిగతా కుక్కల వరుసలోంచి తప్పించి ఒక మెట్టు పైన నిలబెట్టింది. నేరం జరిగిన చోట వాసన పట్టి దొంగ జాడ తీసే కుక్కను పత్రికలు ఈనాటికీ పోలీసు జాగిలమనే రాస్తున్నాయంటే ఆ మాటలోని మర్యాద ఇంకా చెడలేదన్నమాట. ఆ మర్యాదను తన పేరులోనే ఉంచుకొన్న కుక్క కొల్లేటి చుట్టుపక్కల ఒకటి ఉంది. దాన్ని జోనంగి అనీ, జోనంగి జాగిలమనీ, కొల్లేటి జాగిలమనీ అంటారు.

ఈ కుక్క తిరిగే నేలను తెలుసుకోవాలంటే ద్వారకా తిరుమల నుంచి మొదలుపెట్టాలి; చిన తిరుపతిగా పేరుపడ్డ ఆ గుట్ట మెట్ట ప్రాంతంలో ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా దిగి భీమడోలు దాటితే నేల క్రమంగా పల్లమై, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకొన్న కొల్లేరులో కలుస్తుంది. ఉత్తరంగా జంగారెడ్డిగూడెం దాటితే బుట్టాయగూడెం, పోలవరం మన్యం వస్తుంది. విత్తులు చల్లకముందు కోయలు భూమిపండుగ చేసుకొని, మగవాళ్లంతా కలిసి వేటకు వెళ్లే ఆచారం అక్కడిది. మన్యంలో వేటంటే అడవి, విల్లు, బాణం. కొల్లేటి దిగువన మాత్రం కుక్కకు వేట ఒక్కటే పని కాదు. జోనంగి గట్ల వెంట చిన్న జంతువులను వేటాడేది, దానితోపాటు బాతుల మందను కూడా కాసేది.

వరి కోత అయిపోయిన చేలల్లో రాలిన గింజలను, నత్తలను, పురుగులను మేపడానికి కాపరులు వందల బాతులను ఒక చేనులోంచి మరొక చేనులోకి తోలుకుపోయే రోజుల్లో, ఆ మందను చెదరనివ్వకుండా పక్కల నుంచి కూడగట్టి నడిపించడం ఈ కుక్క వంతు. ఒంటిని అంటిపెట్టుకొని నిగనిగలాడే పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ఆలోచనలో పడ్డట్టు కనిపించే ముడతలు, వీపు మీదికి చుట్టుకొనే తోక దీని గుర్తులు. అన్నిటికన్నా విశేషం దీని గొంతు: ఇది మామూలు కుక్కలా మొరగదు, రాగం తీసినట్టు ఒక వింత కూత వేస్తుంది. ఆఫ్రికాలోని కాంగో ప్రాంతపు వేటకుక్క బసెంజీకి కూడా ఇలాంటి గొంతే ఉంది. చీటికీమాటికీ మొరిగి బెదరగొట్టే కుక్క బాతుల దగ్గర నిలవలేదు గనుక, ఈ మొరగని గుణం కాపరికి ఎంత విలువైనదో ఊహించవచ్చు. మరొక అలవాటు కూడా చెప్పుకోవాలి. ఎవరూ గూడు కట్టకపోయినా ఇది తన గొయ్యి తానే తవ్వుకొని అందులో పడుకొంటుంది. ఒక మనిషికి అలవాటు పడితే రెండో మనిషి పిలుపును అంతగా లెక్కచేయదని దీన్ని పెంచినవారు చెబుతారు.

పనిచేసే కుక్కకు వీడ్కోలు రెండుసార్లు జరుగుతుంది; పని నుంచి ఒకసారి, ప్రాణం నుంచి ఒకసారి. జోనంగి విషయంలో మొదటిది మొత్తం జాతికి ఒక్కసారిగా జరిగింది. 1970ల తరువాత కొల్లేటి పరిసరాల్లో వరిచేలు చేపల చెరువులుగా మారుతూ వచ్చాయి. చేను లేనిచోట రాలిన గింజ లేదు, గింజ లేనిచోట బాతుల మంద లేదు, మంద లేనిచోట కుక్కకు పని లేదు. వేట దారి అంతకుముందే మూసుకుపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును పట్టడానికో చంపడానికో తరమడం కూడా వేట కిందికే వస్తుంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలల జాబితాలో చేరింది. ఈ రక్షణలు పక్షులకు అవసరమైనవే, వాటిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే వేటనూ కాపలానూ నెత్తురులో పెట్టుకొని పుట్టిన కుక్క, ఆ రెండూ పోయాక ఊళ్లో కోడిపిల్లను తరిమితే, నిన్నటిదాకా మెచ్చుకోలు తెచ్చిన గుణమే దొంగతనమైపోతుంది. ఈ మొదటి వీడ్కోలుకు కన్నీరు పెట్టినవారు తక్కువ. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్లలు విడుదల చేసినప్పుడు హిమాలయ గొర్రెకాపరి కుక్కకు, రాంపూర్, ముధోల్, రాజపాళయం జాతులకు చోటు దొరికింది గాని, కొల్లేటి జాగిలానికి దొరకలేదు.

రెండో వీడ్కోలు ఏ ఇంటికి ఆ ఇంటిది. 10, 12 ఏళ్లు వచ్చేసరికి కుక్కకు నడుము పట్టేస్తుంది, కళ్లలో శుక్లాలు కమ్ముతాయి, పేరు పెట్టి పిలిచినా చెవి తిప్పదు. కానీ వాసన పట్టే శక్తి చూపుకన్నా, వినికిడికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది గనుక, లేవలేని స్థితిలోనూ యజమాని గడపలో అడుగుపెట్టగానే ముక్కు ఎగరేసి తోక నేలకేసి కొడుతుంది. తిండి మానేసి, నొప్పితో మూలుగుతూ, కోలుకొనే ఆశ లేనప్పుడు పశువైద్యులు సూచించేదాన్ని కారుణ్య మరణం అంటారు. ముందరి కాలి మీద వెంట్రుకలు గొరిగి, నరం దొరకబుచ్చుకొని, మత్తుమందును మామూలు మోతాదుకు మించి ఎక్కిస్తారు. ముందు స్పృహ పోతుంది, ఆ తరువాత ఊపిరి, చివరికి గుండె ఆగుతాయి. ఆ కాసేపు అలవాటైన చెయ్యి తల మీద ఉండటం కుక్కకు ధైర్యం. చూడలేమని బయటికి వెళ్లిపోవడం సహజమే అయినా, ఒకే మనిషిని నమ్ముకొన్న జాగిలం దగ్గర ఆ మనిషి చివరిదాకా ఉండటమే న్యాయం.

పల్లెల్లో పెంపుడు కుక్క పోతే పాత గుడ్డలో చుట్టి, పసుపు కుంకుమ చల్లి, గోతిలో ఉప్పు పోసి పూడ్చడం కనిపిస్తుంది. కొల్లేటి లంకల్లో అలాంటి గొయ్యి లోతుగా తవ్వడమే కష్టం. కాస్త తవ్వగానే ఊట ఊరుతుంది. అందుకని మెరక చూసుకోవాలి, అక్కడ మెరక అంటే చాలాచోట్ల చెరువు గట్టే. తన పనిని మింగిన చెరువు గట్టు మీదే జాగిలం నిద్రపోతుంది.

పూర్వం ఇలాంటి కుక్కకు రాయి నిలబెట్టినవాళ్లు ఉన్నారు. కర్ణాటకలో మండ్య జిల్లాకు చెందిన ఆతకూరు శాసనం సుమారు క్రీ.శ. 949-950 నాటిది. రాష్ట్రకూట మూడో కృష్ణుడి పక్షాన తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుణ్ణి చంపిన గంగరాజు బూతుగుడు, తన భటుడు మణలేరుని పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, అతడు కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకొన్నాడు. తరువాత ఒక పెద్ద అడవిపంది మీదికి దాన్ని ఉసిగొల్పగా, రెండూ పోరాడి ఒకదాన్నొకటి చంపుకొన్నాయి. కాళి జ్ఞాపకంగా చల్లేశ్వరాలయం ముందు రాయి నిలిపి, దాని పూజకు భూమి రాసి ఇచ్చారు. ఆ రాతికి పూజ చేయకుండా పూజారి భోజనం చేయకూడదని నియమం పెట్టారు. కుక్కా పందీ తలపడుతున్న బొమ్మతో ఆ రాయి బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

కొల్లేటి గట్టు మీద రాయి లేకపోవడం కన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. మంద ఉన్న రోజుల్లో ముసలి కుక్క కాళ్లు ఇంకా ఆడుతుండగానే పక్క కాపరి దగ్గర ఈనిన కూనను తెచ్చుకొంటే, అది పెద్దదాని వెనక తిరుగుతూ పని నేర్చుకొనేది; ఒకటి పోయేనాటికి మరొకటి గుమ్మంలో ఉండేది. ఇప్పుడు జోనంగిని పూడ్చి ఇంటికి వచ్చిన మనిషి అలాంటి కూన కోసం ఊరూరా వాకబు చేయాలి. వీధికుక్కలతో కలవని జోడు దొరకడమే అరుదు. వాకిట్లో పోయిన జాగిలం తవ్వుకొన్న గొయ్యి మాత్రం, మొదటి వానకు పూడేదాకా, అలాగే ఉంటుంది.