తల్లాడ ఎండలో ఇల్లు, రెండు కుక్కలు: ఏ గ్యాడ్జెట్ ఆదుకుంటుంది, ఏది చేతులెత్తేస్తుంది?

కూతురి పురుడు కోసం అమ్మానాన్న అమెరికా ప్రయాణం. టికెట్లు బుక్ అయ్యాయి, పచ్చళ్లు ప్యాక్ అయ్యాయి. ఆరు నెలల దాకా తిరిగి రారు. ఇంటికి తాళం వేయొచ్చు, కుక్కలకి వేయలేం కదా! ఖమ్మం జిల్లాలో ఇది చాలా ఇళ్లలో కనిపించే సీనే. చివరికి తాళంచెవి ఎవరి చేతికొస్తుంది? డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న మేనల్లుడికో, ఇంటి నుంచి పని చేసుకునే తమ్ముడి కొడుక్కో. "నువ్వు ఎలాగూ ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటావు కదరా, ఇక్కడే కూర్చో" అంటారు. అంటే, ఇది చదువుతున్న మీకే.

దీన్నే బయటి దేశాల్లో హౌస్ సిట్టింగ్ అంటారు. 2010లో బ్రిటన్‌లో మొదలైన ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ లాంటి వెబ్‌సైట్లు ఇదే పని చేస్తాయి: ఇంటివాళ్లు ఊరెళ్తే మీరు వాళ్లింట్లో ఉచితంగా ఉండొచ్చు, బదులుగా కుక్కని చూసుకోవాలి. కొలరాడో లాంటి మంచు కొండల ఊళ్లలో అయితే పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా హీటర్ ఆగకుండా చూసుకోవడం కూడా డ్యూటీలో భాగమే. (ఎఫ్-1 వీసా మీద ఉన్న మనవాళ్లకి ఒక మాట: డబ్బులు తీసుకుని కుక్కల్ని చూడటం కూడా అనుమతి లేని ఉద్యోగం కిందికే వస్తుంది. "యాప్‌లోనే కదా" అంటే కుదరదు.)

తల్లాడలో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ హీటర్ ఆగితే ప్రమాదం, ఇక్కడ కూలర్ ఆగితే ప్రమాదం. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకి కొత్తేం కాదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దాని కూలింగ్ సిస్టమ్. మామూలుగా దాని ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది. 41 దాటితే వడదెబ్బ, ఇక ప్రతి నిమిషమూ లెక్కే. నాటు కుక్క ఏ చెట్టు కిందో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. పగ్‌కి ముక్కే చిన్నది, సరిగ్గా వగర్చలేదు. ఇక మంచులో బండి లాగడానికి పుట్టిన హస్కీని రీల్స్ చూసి కొనుక్కొచ్చి రేకుల షెడ్డులో కట్టేసేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. అమెరికా వెళ్లే ముందు చాలామంది చేసే మొదటి పని వైఫై కెమెరా కొనడం. "డాలస్ నుంచే చూసుకుంటాం" అంటారు. లెక్క వేయండి. తల్లాడలో ఎండ మండిపోయే మధ్యాహ్నం రెండు గంటలకి డాలస్‌లో వేసవి టైమ్ ప్రకారం తెల్లవారుజాము మూడున్నర. కూలర్ ఆగిందని అలర్ట్ వెళ్తుంది, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది, మామయ్య నిద్రలో ఉంటాడు. అందుకే ఏ గ్యాడ్జెట్ అయినా దాని అలర్ట్ ముందుగా వెళ్లాల్సింది పది నిమిషాల్లో ఆ గేటు తీయగలిగే మనిషికి. మీరు ఖమ్మం వెళ్లిన రోజు పక్కింటి అత్తయ్యకి. డాలస్‌కి తర్వాత.

ఈ లెక్కన చూస్తే మొదటి ఖర్చు కెమెరా మీద కాదు, కరెంటు మీద. కరెంటు పోతే రౌటర్ పోతుంది, దాంతో కెమెరా, అలర్ట్, స్మార్ట్ ప్లగ్ అన్నీ పోతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రౌటర్‌ని ఆ లైన్ మీదే పెట్టారో లేదో చూడండి, చాలా ఇళ్లలో ఉండదు. లేకపోతే 12 వోల్ట్‌ల మినీ యూపీఎస్ కొనండి. ఇందులో ఒక తిరకాసు ఉంది. డబ్బా మీద 10,400 ఎంఏహెచ్ అని ఘనంగా రాస్తారు, కానీ అది లోపలి సెల్ వోల్టేజ్ 3.7 దగ్గర లెక్క. అంటే సుమారు 38 వాట్-అవర్లు. 10 వాట్లు తీసుకునే రౌటర్‌కి సుమారు 3.8 గంటలు, మార్పిడిలో పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. గాలివానకి స్తంభం పడిన రోజు ఇది చాలదు. అలాంటప్పుడు పనికొచ్చేది సిమ్ వేసుకునే 4జీ కెమెరా, బ్యాటరీ ఉన్నది. ఆ వీధిలో ఏ నెట్‌వర్క్ బాగా పట్టుకుంటుందో ఆ సిమ్మే వేయండి.

కూలర్‌కి స్మార్ట్ ప్లగ్ పెట్టాలనుకుంటే పాతకాలం నాబ్ తిప్పే కూలరే మంచిది. కరెంటు వచ్చాక తనంతట తానే తిరగడం మొదలెడుతుంది. టచ్ ప్యానెల్ ఉన్న ఫ్యాన్సీ మోడళ్లలో చాలావాటికి కరెంటు వచ్చినా ఎవరో ఒకరు బటన్ నొక్కాల్సిందే. ప్లగ్ యాప్‌లో కూడా "కరెంటు వచ్చాక పాత స్థితికి వెళ్లు" అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంత చేసినా ట్యాంకులో నీళ్లు పోసేది మాత్రం మనిషే.

నేనైతే కెమెరా కంటే ముందు కొనేది బ్రిడ్జ్‌తో పనిచేసే చిన్న ఉష్ణోగ్రత సెన్సార్. గదిలో 35 దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టండి. దాన్ని గోడ మీద ఐదడుగుల ఎత్తులో కాదు, కుక్క పడుకునే ఎత్తులో పెట్టాలి. కెమెరా కుక్క పడుకుందని చూపిస్తుంది. హాయిగా పడుకుందో, సొమ్మసిల్లిందో చూపించదు.

కెమెరా విషయానికొస్తే, తక్కువ ధర మోడళ్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతోనే పనిచేస్తాయి. మందపాటి గోడల పాత ఇళ్లలో అదే నయం కూడా. రికార్డింగ్ 1 ఎంబీపీఎస్ అనుకుంటే రోజుకి దాదాపు 11 జీబీ, అంటే 128 జీబీ కార్డు పదకొండు రోజులు. కార్డు హై ఎండ్యూరెన్స్ రకమే తీసుకోండి. పాత ఫోన్‌లో ఆల్ఫ్రెడ్ లాంటి యాప్ వేసి కెమెరాగా వాడటం మన సైట్‌లో చాలామందికి ఇష్టమైన చిట్కా. హైదరాబాద్ ఏసీ గదిలో సరే. తల్లాడలో మేలో, కిటికీ పక్కన, రోజంతా ఛార్జింగ్‌లో? బ్యాటరీ ఉబ్బుతుంది. వద్దు.

ఆటోమేటిక్ ఫీడర్ గురించి ఒక సంగతి: చాలా మోడళ్లు పొడి పెడిగ్రీ లాంటి తిండి మాత్రమే వేయగలవు. మన కుక్కలు తినేది పెరుగన్నం. పెరుగన్నాన్ని ఆ మిషన్‌లో వేస్తే మధ్యాహ్నానికే పులిసిపోతుంది, సాయంత్రానికి చీమలు. పోనీ పొడి తిండికి మారుద్దామా అంటే ఆ మార్పు వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా జరగాలి, యజమాని ఇంట్లో ఉండగానే. మిగిలిన కూర కలిపి పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం.

ఇక ట్రాకర్. ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ లేదు. చుట్టుపక్కల తిరిగే ఐఫోన్ల బ్లూటూత్ మీద ఆధారపడుతుంది. మాదాపూర్‌లో అడుగడుక్కీ ఐఫోన్ ఉంటుంది, మిరప చేలో ఉండదు. పైగా అది వస్తువుల కోసం చేసిందే కానీ పెంపుడు జంతువుల కోసం కాదని యాపిలే చెప్పింది. సిమ్ ఉన్న జీపీఎస్ కాలర్ నయం. కానీ ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం వైపు అడవిలోకి వెళ్లేకొద్దీ ఒక్కోచోట సిగ్నల్ పోతుంది, దాంతో కాలర్ కూడా మూగబోతుంది. ఇంటివాళ్లు కనిపించకపోతే కుక్కలు మొదటి రెండు మూడు రోజుల్లో వెతుక్కుంటూ పారిపోవడం మామూలే. ఆ రోజుల్లో గేటుకి గొళ్లెం, మెడకి ఫోన్ నంబర్ చెక్కిన బిళ్ల, ఈ రెండూ ట్రాకర్ కంటే ఎక్కువ పనిచేస్తాయి. నంబర్ డాలస్‌ది కాదు, మీది.

ఒక మాట ఇంటివాళ్లకి కూడా. మేనల్లుడు ఉండే ఇంట్లో కెమెరాలు ఎక్కడున్నాయో వాడికి చెప్పండి. పడకగదిలో పెట్టకండి. పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపకుండా యాప్‌లో ఉండే డివైజ్ షేరింగ్ వాడండి. ఖర్చులకి యూపీఐలో ముందే కొంత వేయండి. చుట్టం కదా అని వాడు అడగడు.

రేబిస్ టీకా కార్డు ఫొటో, మందుల పేర్లు, దగ్గర్లో కుక్కల్ని చూసే డాక్టర్ నంబర్ మీ ఫోన్‌లో ఉండాలి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం. వడదెబ్బ అనిపిస్తే వాహనం వచ్చేదాకా ఆగకుండా కుక్కని నీడలోకి తెచ్చి, మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాన్ పెట్టి, అప్పుడు డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

విమానం ఎక్కడానికి వారం ముందు ఒక రిహార్సల్ చేయండి. ఇంటివాళ్లని రెండు రోజులు ఖమ్మంలో చుట్టాలింటికి పంపి, మధ్యాహ్నం ఒంటిగంటకి మెయిన్ స్విచ్ ఆపేయండి. ఒక గంటలో ఏ గ్యాడ్జెట్ ముందు చచ్చిపోతుందో, ఎవరి ఫోన్ ముందు మోగుతుందో రాసుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నవి వాపసు ఇవ్వడానికి అప్పటికింకా గడువు ఉండొచ్చు.