సిలికాన్ పలకపై శిబ్‌పూర్ దృష్టి

హౌరా: పోత ఇనుము కర్మాగారాలతో ఒకనాడు 'తూర్పు షెఫీల్డ్'గా పేరొందిన ఈ పట్టణంలో సౌరవిద్యుత్ ఘటాలపై పరిశోధన సాగుతోంది. 1856లో కలకత్తాలో మొదలై, 1880లో శిబ్‌పూర్‌కు తరలిన ఇంజనీరింగు కళాశాల 2014లో జాతీయ ప్రాముఖ్యం గల ఐ.ఐ.ఇ.ఎస్.టి.గా మారింది. అధునాతన పదార్థాలు, హరిత ఇంధనం, సెన్సార్లకు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది.

నున్నని సిలికాన్ పలక తనపై పడిన కాంతిలో దాదాపు మూడో వంతును వెనక్కి తిప్పికొడుతుంది. ఉపరితలాన్ని సూక్ష్మంగా గరుకు చేసి, సిలికాన్ నైట్రైడ్ పూత పూస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. అయినా సిలికాన్ ఒక్కదానితోనే చేసిన ఘటం సామర్థ్యానికి సిద్ధాంతరీత్యా హద్దు సుమారు 29 శాతమే. పైన పెరోవ్‌స్కైట్ పొరను చేర్చి ఆ హద్దు దాటాలని పలు దేశాల శాస్త్రజ్ఞులు యత్నిస్తున్నారు. పెరోవ్‌స్కైట్‌కు తేమ గిట్టదు. హుగ్లీ తీరాన తేమకు కొదవా? ప్రయోగశాలలో గోరంత ఘటం చూపిన ఫలితం ఇంటి కప్పుపై పాతికేళ్లు నిలవవలసి ఉంది.