కూరగాయలు, పండ్లు కడుగు విధము

వేలూరినుండి తిరువణ్ణామలకు పోవు మార్గమున కనియంబాడి యున్నది. 1911లో ఉత్తరార్కాటు తాలూకాలు కొన్ని వేరుపడి చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు ఈవలి వైపున నిలిచిపోయిన తెలుగు కుటుంబములు కనియంబాడి, వేలూరు, గుడియాత్తము చుట్టుపట్ల నేటికిని గలవు. ఇంటిలో వంకాయ యనునది వీథిలో కత్తరిక్కాయ్ అగును. ఇంటి ఆకుకూర సంతలో కీరై యగును. రెండు పేర్లను ఎరిగిన ఈ కుటుంబములవారికి కూరలు కడుగు విధము వేరుగ చెప్పవలెనా యని పాఠకులు శంకింపవచ్చును. చెప్పవలసియే యున్నది. ఏల యనగా, ఈ ప్రాంతముననే వైద్యులు చేసిన పరిశోధన యొకటి, కడుగుట యను చిన్నపనికిని మెదడునకు సోకు పెద్దజబ్బునకును గల సంబంధమును వెల్లడించుచున్నది.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలను స్థాపించిన ఐడా స్కడర్ వైద్యురాలు ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో గుడియాత్తము బాటవెంట బండి నిలిపి రోగులను చూచెడివారు. ఆ కళాశాలవారు కనియంబాడి సమితి గ్రామములలో దశాబ్దములుగా ఇంటింటి ఆరోగ్యసేవ చేయుచున్నారు. అక్కడి పరిశోధకులు వేలూరు జిల్లాలో 50 వేలకు పైబడిన జనమును విచారించి 2006లో ఫలితములను ప్రకటించిరి. వేయిమందిలో దాదాపు నలుగురికి (సరిగా చెప్పిన 3.83) మూర్ఛవ్యాధి యున్నట్లు తేలెను. వారిలో మూడవవంతు మందికి ఆ మూర్ఛకు కారణము మెదడులో బద్దెపురుగు తిత్తులు చేరుటయే. ఈ జబ్బునకు న్యూరోసిస్టిసెర్కోసిస్ అని పేరు.

ఈ బద్దెపురుగు పందిమాంసముద్వారా వచ్చునది. అట్లయిన మాంసము ముట్టని వారికి భయము లేదు గదా యని చాలమంది తలంతురు. ఇది పొరపాటు. సరిగా ఉడకని పందిమాంసము తినినవాని ప్రేగులలో పురుగు పెరుగును; వానికి అంతగా బాధ యుండకపోవచ్చును. కాని వాని మలముతో పురుగు గ్రుడ్లు వేలకొలది బయటపడును. బహిర్భూమినుండి వాననీటితో తోటలోనికి, లేదా కడుగుకొనని చేతులతో వంటయింటికి వచ్చి, ఆ గ్రుడ్లు మరియొకరి కడుపులో ప్రవేశించినచో, ప్రేగు గోడను దాటి రక్తముతో పోయి మెదడున తిత్తులు కట్టును. పందిని తినినవానికి పురుగు; వాని మలము సోకిన ఆహారము తినినవానికి మూర్ఛ. ఆ రెండవవాడు పరమ శాకాహారి కావచ్చును. గ్రుడ్డు పరిమాణమా, మిల్లీమీటరులో ముప్పదవ వంతు పాటిది. కంటికి ఆననే ఆనదు.

ఇచట ఒకమాట స్పష్టముగ చెప్పవలెను. నేరమంతయు కూరగాయలపై మోపుట న్యాయము కాదు. పురుగు గలవాడు ఇంటిలోనే యున్నచో, ముఖ్యముగా వంట చేయువారే అయినచో, వారి చేతులనుండియే ముప్పు హెచ్చు. కావున కూరలు కడుగుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనుట మొదటి మెట్టు. చేతికి సబ్బు కావలెను, కూరకు సబ్బు కూడదు. కాయల తోలునందు సన్నని రంధ్రములుండును. సబ్బును, బట్టల పొడియును వాటిలో నింకి, ఎంత కడిగినను పూర్తిగా పోవు.

ఇక కడుగుటలో జరుగునదేమి? మలినము నీటిలో కరిగి పోవునని మన ఊహ. నిజమునకు రాపిడియే ఎక్కువ పని చేయును. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధనాలయమువారు 2000లో పండ్రెండు పురుగుమందులను పరీక్షింపగా, కుళాయి నీటితో కడిగినంతనే తొమ్మిదింటి అవశేషములు తగ్గినవి. నీటిలో సులభముగ కరుగు మందే యెక్కువగ పోయినదా యన్న, అదియును కాదు. కరుగు గుణమునకును తొలగిన మేరకును పొంతన కుదరలేదు. అంగడిలో అమ్ము ప్రత్యేక ద్రావణములు వట్టి నీటిని మించి పని చేయలేదు. పారు నీటిక్రింద చేతితో రుద్దుటయే సారము. పురుగు గ్రుడ్లు జిగటగ అంటుకొనునవి గనుక వాటి విషయమునను ఇదే వర్తించును. దోసకాయ, కారటు, ముల్లంగి, దుంపలు మొదలగు గట్టివానిని మెత్తని కుంచెతో రుద్దవచ్చును.

ఆకుకూరలను రుద్దుటకు వీలులేదు. వాటికి వేరొక పద్ధతి కావలెను. కట్టను కట్టగానే నీటిలో ముంచి తీయుట మన యిండ్లలో తరచుగ కనబడు అలవాటు. కట్టు విప్పనిచో నడుమనున్న కాడల మొదళ్లకు నీరే అందదు. మన్నెల్ల అచటనే యుండును. కట్టు విప్పి, వేళ్లు కోసివేసి, కుళ్లిన ఆకులు ఏరి, వెడల్పైన పాత్రలో ఆకులు తేలునంత నీరు పోసి, చేతితో కలియబెట్టవలెను. ఒక నిమిషము ఊరక విడిచినచో మన్ను అడుగున దిగును. అప్పుడు ఆకులను పైకి ఎత్తి వేరొక పాత్రలోనికి తీయవలెను. పాత్రను వంచి నీరు పారబోయువారు దిగిన మన్నును మరల ఆకులమీదనే పోసికొనుచున్నారు. అడుగున ఇసుక కనబడనంతవరకు నీరు మార్చి మరల చేయవలెను. వానకాలపు తోటకూరకు మూడు నాలుగు మార్లైనను పట్టును.

కూరలో వేసి ఉడికించు ఆకునకు నిప్పు రక్ష. చక్కగా ఉడికినచో పురుగు గ్రుడ్లు, సూక్ష్మజీవులు నశించును. చిక్కెల్ల పచ్చిగా తినువానితోనే. చారు దింపిన తరువాత పైన చల్లు కొత్తిమీర, పుదీన పచ్చడి, పెరుగుపచ్చడిలోని ఉల్లి, కీర ముక్కలు, వడపప్పులో కలుపు కారటు కోరు—ఇవి నిప్పును చూడవు. వీటిని మనము కొంచెమే గదా యని అన్నిటికన్న తక్కువ శ్రద్ధతో కడుగుదుము. గుత్తివంకాయకు చూపు శ్రద్ధలో సగము ఆ కొత్తిమీర రెబ్బలకు చూపినను మేలు.

కడుగు నీరు కూరకన్న శుభ్రముగ నుండవలెను. దినము విడిచి దినము వచ్చు కుళాయి నీటిని తొట్లలో పట్టి, చేయి ముంచి, చెంబు ముంచి వాడు ఇండ్లలో ఈ నియమము తరచు తప్పును. 2017 మొదలు 2020 వరకు దేశమున నాలుగుచోట్ల పిల్లలలో టైఫాయిడు జ్వరమును లెక్కించిరి. వాటిలో వేలూరు ఒకటి. పట్టణ స్థలములు మూడింటిలో ఏటేట లక్షమంది పిల్లలకు 576 మొదలు 1173 వరకు ఆ జ్వరము సోకినట్లు తేలెను. పూనా సమీప గ్రామములలో 35 మాత్రమే. ఈ జ్వరము మలిన జలముద్వారాను, ఆ నీరు సోకిన ఆహారముద్వారాను వ్యాపించునది. కావున పచ్చిగా తినువానికి కడపటి కడుగు త్రాగునీటితోనే కావలెను.

నీటిలో ఏమైన కలుపుదమా యను ప్రశ్న పాతదే. ఆగ్రాలో హాన్కిన్ అను శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతములలో కలరా నివారణకు బావులలో పొటాషియం పర్మాంగనేటు వేయించెను. దొరల బంగళాలలో కూరాకులను ఆ గులాబివన్నె నీటిలో ముంచు ఆచారము పుట్టి, మన యిండ్లకును కొంత వచ్చినది. మన్ను, ఆకుపసరు తగులగానే ఆ మందు బలము ఉడిగిపోవును. రంగు చూచి ధైర్యపడుట తగదు. ఉప్పు, పసుపు కలిపిన వేడినీటిలో కోసుపువ్వును ముంచినచో లోపలి పురుగులు వెలుపలికి వచ్చును. అంతవరకు అది మంచి పద్ధతియే. అయినను చిటికెడు పసుపు సూక్ష్మజీవులను చంపునని నమ్మరాదు. భారత ఆహార భద్రతా సంస్థవారు లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల క్లోరిను మోతాదు చెప్పియున్నారు. ఆ బిళ్లలు వాడువారు సీసాపై వ్రాసిన కొలత మీరక, పిమ్మట త్రాగునీటితో మరల కడుగవలెను. క్లోరిను టైఫాయిడు క్రిమిని చంపును గాని బద్దెపురుగు గ్రుడ్డును చంపదు. దానికి రాపిడియు నిప్పుమాత్రమే విరుగుడు.

పురుగుమందుల సంగతి వేరు. వేలూరు ముళ్లవంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇలవంబాడి పేరుతో అది ఈ ప్రాంతమున ప్రసిద్ధము. వంగతోటకు కాయతొలుచు పురుగు పెద్ద శత్రువు, దానికై మందులు పలుమార్లు చల్లుట రైతులకు పరిపాటి. చల్లిన మందు పైతోలున నిలిచినది కొంత కడుగుటతో పోవును. ముచ్చిక క్రింద నీడపట్టున దాగినది సులభముగ పోదు. గుత్తివంకాయకు ముచ్చిక నుంచుకొనువారు దాని అంచులను ఎత్తి నీరు పోనీయవలెను. తక్కిన వంటలకు దానిని తీసివేయుటే మేలు. మొక్క రసముతో కలిసి కాయలోపలికి పోవు మందులు మరికొన్ని గలవు. మోనోక్రోటోఫాసు అట్టిది, కూరగాయలపై దాని వాడుకను మనదేశమున 2005లో నిషేధించిరి. అట్టివానిని ఏ నీరును కడుగజాలదు. 2017లో అమెరికాలోని మసాచుసెట్సు విశ్వవిద్యాలయమువారు ఆపిలు పండ్లను నూటికి ఒకపాలు వంటసోడా కలిపిన నీటిలో 12 మొదలు 15 నిమిషములు ఉంచి చూడగా, వారు పరీక్షించిన రెండు మందులును పైతోలునుండి తొలగెను. అయినను థయాబెండజోలు అను మందు అప్పటికే ఐదవవంతు తోలులోనికి ఇంకియుండెను. సోడానీరు పనికివచ్చును, దాని పని మాత్రము తోలు పైననే ముగియును.

పాలారు ఒడ్డున నివసించువారము గనుక మరియొకటి మరువరాదు. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల కర్మాగారముల మురుగు ఆ నదిని, బావులను, భూములను చెరచిన వృత్తాంతము సుప్రీముకోర్టు వరకు పోయి, 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చినది. ఒక్కొక్క కర్మాగారమునకు పదివేల రూపాయలు దండుగ విధించిరి. నేలలో చేరిన క్రోమియమును, ఉప్పును వేళ్లే పీల్చుకొనినచో గృహిణి చేతిలోని చెంబెడు నీరు ఏమి చేయగలదు? అది ప్రభుత్వముచేతను, కర్మాగారముల యజమానులచేతను కావలసిన శుద్ధి. వంటయింటి తొట్టివద్ద తీరునది కాదు.

పండ్లలో మామిడిని గూర్చి కొంత చెప్పవలెను. ఎండలో వేడెక్కిన పండును తెచ్చిన వెంటనే చల్లని నీటిలో ముంచుట మనకు ప్రీతి. పండు వేడిగను నీరు చల్లగను ఉన్నచో లోపలి గాలి కుదించుకొని, తొడిమ చోటునుండి నీటిని లోపలికి లాగికొనును; నీరు మలినమైనచో మలినమును లోనికే పోవును. టమాటాలకును ఇంతే. 1999లో బ్రెజిలునుండి అమెరికాకు పోయిన మామిడిపండ్లవలన సాల్మొనెల్లా జబ్బు వ్యాపింపగా, వేడినీటి శుద్ధి యైన పండ్లను చల్లనీటిలో ముంచుటయే కారణమై యుండునని విచారించినవారు తేల్చిరి. కావున పండును కొంతసేపు నీడలో చల్లారనిచ్చి, తొడిమ వద్ద సొన పోవునట్లు పారునీటిలో రుద్ది కడిగి, తరువాత కావలసినచో శుభ్రమైన నీటిలో నానవేయవచ్చును. కార్బైడుతో మగ్గబెట్టుట 2011 నాటి నిబంధనలచే నిషిద్ధము. అట్టి పండును కడిగినచో పైనున్న పొడి పోవచ్చును గాని లేని పక్వము రాదు.

పుచ్చకాయ, కర్బూజ, పనస, నారింజలను తోలు తినము గదా యని కడుగకయే కోయుదుము. కత్తి తోలుమీది మన్నును లోపలి గుజ్జునకు చేర్చును. కోయుటకు ముందే వీటిని కడిగి, తడి తుడిచి, కత్తిపీటను కూడ కడిగి కోయవలెను.

కూరలను తరుగకముందే కడుగవలెననియు, తరిగిన ముక్కలను నీటిలో నానవేయరాదనియు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారును చెప్పుదురు. సి విటమిను, బి వర్గపు విటమినులు నీటిలో కరిగి పోవుటయే దీనికి కారణము. నల్లబడకుండ వంకాయ ముక్కలను ఉప్పునీటిలో వేయు మన అలవాటును పూర్తిగా మానుట కష్టమే. వంట ప్రారంభించు సమయముననే తరిగినచో నానుకాలము తగ్గును. సంతనుండి తెచ్చిన కూరలనన్నిటిని ఒక్కసారిగ కడిగి తడితోనే శీతలపేటికలో పెట్టువారు మరునాటికి కుళ్లిన కొత్తిమీరను చూతురు. కడుగుట వాడుటకు ముందే చేయవలెను. ముందుగ కడుగక తప్పనిచో పలుచని బట్టపై పరచి తడి ఆరిన పిమ్మట దాచవలెను. ఆకుకూరల మొదటి రెండు కడుగు నీళ్లు, క్లోరిను, సోడా కలియనివైనచో, పెరటి కరివేపాకు చెట్టునకు పోయవచ్చును.