వెర్నా టర్బోనా, వర్టస్ జీటీనా? 0-100 పక్కన పెట్టి ట్రాఫిక్ గంటలు లెక్కేస్తే ఆన్సర్ మారిపోయింది

ఫోన్ కొనేటప్పుడు అంటుటు స్కోర్ ఒక్కటే చూసి కొనేసి, నెల తిరక్కుండానే "హీట్ అవుతోంది బ్రో" అని బాధపడిన ఫ్రెండ్ మనందరికీ ఒకడుంటాడు. కారు విషయంలో నేను సరిగ్గా ఆ ఫ్రెండ్‌ని అయ్యేవాణ్నే. కొద్దిలో తప్పించుకున్నా.

నాకు మొదటి నుంచీ ఫాస్ట్ కారంటే పిచ్చి. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది, బీటెక్ లోన్ తీరిపోయింది. 20 లక్షల లోపు, రోజూ నడుపుకునేలా, తొక్కితే దూసుకెళ్లే కారు కావాలి. ఈ బడ్జెట్‌లో ఎవరిని అడిగినా వచ్చే రెండు పేర్లు హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5. రెండూ పెట్రోల్ సెడాన్‌లే. మీలో చాలామంది ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారని తెలుసు కాబట్టి, నేను లెక్క ఎలా తేల్చుకున్నానో మొత్తం చెప్తాను.

ముందు స్పెక్స్ షీట్

• పవర్: వెర్నా 160 పీఎస్, వర్టస్ 150 పీఎస్
• టార్క్: వెర్నా 253 ఎన్ఎం, వర్టస్ 250 ఎన్ఎం
• గేర్‌బాక్స్: రెండింట్లోనూ 6 స్పీడ్ మాన్యువల్ లేదా 7 స్పీడ్ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్
• ఏఆర్ఏఐ మైలేజ్ (ఆటోమేటిక్): వెర్నా 20.6, వర్టస్ 19.62
• బూట్: వెర్నా 528 లీటర్లు, వర్టస్ 521 లీటర్లు
• వీల్‌బేస్: వెర్నా 2670 మి.మీ., వర్టస్ 2651 మి.మీ.

0-100కి వెర్నా 8.1 సెకన్లని కంపెనీ చెప్తోంది. వర్టస్ సుమారు 9 సెకన్లు. పేపర్ మీద వెర్నా గెలిచింది, ఆర్టికల్ అయిపోయింది. నేను కూడా అలాగే అనుకున్నా.

మా నాన్నకి ఆ 8.1 సెకన్ల గురించి గొప్పగా చెప్తే ఒక్కటే అడిగారు: "అంత స్పీడ్ ఎక్కడ పోతవ్ రా? మెహదీపట్నంలోనా?"

నవ్వొచ్చింది కానీ ఆ ప్రశ్న వదల్లేదు.

కిలోమీటర్లు కాదు, గంటలు

ఫోన్లో స్క్రీన్ టైమ్ చూసుకుంటాం కదా, అలాగే నా డ్రైవింగ్ టైమ్ లెక్కేశాను. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్, ఆఫీస్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఒకవైపు 25 కిలోమీటర్లు. హైబ్రిడ్ కాబట్టి నెలకి 12 రోజులు ఆఫీస్. అంటే 600 కి.మీ. నెలకి రెండుసార్లు సూర్యాపేట వెళ్లొస్తాం, అది ఇంకో 540 కి.మీ. సిటీ, హైవే దాదాపు సగం సగం. "చూశావా నాన్నా, సగం హైవేనే" అని గెలిచినట్టు ఫీలయ్యా.

తర్వాత గంటల్లోకి మార్చా. టోలిచౌకి, షేక్‌పేట, రాయదుర్గం మీదుగా ఒక ట్రిప్ గంటంపావు. 24 ట్రిప్పులకి 30 గంటలు. హైవేలో సగటున 70 వేసుకున్నా 540 కి.మీ.కి 8 గంటలు. అంటే నేను స్టీరింగ్ వెనకాల కూర్చునే టైమ్‌లో ఐదింట నాలుగు వంతులు బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లోనే. 160 పీఎస్ కోసం కొంటున్న కారుని ఎక్కువసేపు నడిపేది 20 స్పీడ్‌లో!

మీరూ ఒక నెల ఈ లెక్క వేసి చూడండి. మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే పది నిమిషాల పని.

0-20 టెస్ట్

ఇక షోరూమ్ వాళ్లు తిప్పే ఖాళీ రోడ్డు కాకుండా, సాయంత్రం ఆరున్నరకి ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లాలని పట్టుబట్టి రెండూ నడిపాను. కొంచెం బతిమాలాలి, కానీ ఒప్పుకుంటారు.

రెండింట్లోనూ ఆటోమేటిక్‌లో ఉండేది డ్రై డ్యూయల్ క్లచ్. సింపుల్‌గా చెప్తా. మన మాన్యువల్ కారులో ఉండే క్లచ్ లాంటివే రెండుంటాయి. ఒకటి బేసి గేర్లకి, ఒకటి సరి గేర్లకి, కంప్యూటర్ ఆపరేట్ చేస్తుంది. ఒక గేర్లో ఉండగానే తర్వాతి గేర్ రెడీగా ఉంటుంది కాబట్టి షిఫ్ట్ కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. హైవేలో ఆ ఫీలే వేరు.

కానీ "డ్రై" అంటే క్లచ్‌ని చల్లబరిచే ఆయిల్ లేనట్టు. అంగుళం అంగుళం పాకుతుంటే క్లచ్ పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు. జారుతూనే ఉంటుంది. ఆ రాపిడి అంతా వేడి. మన ప్రాసెసర్ థర్మల్ త్రాట్లింగ్ కథే ఇక్కడా. నా ఫ్రెండ్ దగ్గర ఇలాంటి గేర్‌బాక్స్ ఉన్న వేరే కారుంది, కంపెనీ పేరు అనవసరం. మే నెలలో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర గేర్‌బాక్స్ వేడెక్కిందని మెసేజ్ వచ్చి, పావుగంట పక్కన ఆపుకున్నాం. కారు పాడవలేదు, కానీ వెనక నుంచి వచ్చిన హారన్లు ఇంకా గుర్తున్నాయి.

అలాగని డ్యూయల్ క్లచ్ కొనొద్దని కాదు. వాడే పద్ధతి ఉంది: ముందు బండికి గ్యాప్ వచ్చేదాకా ఆగి ఒకేసారి కదలండి, బ్రేక్ సగం వదిలి పాకించకండి, ఫ్లైఓవర్ ఎక్కేచోట యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టకండి. ఈ క్రమశిక్షణ నెలకి 30 గంటలు నాకు సాధ్యమా అన్నదే ప్రశ్న. నిజాయితీగా చెప్తే, కాదు.

హైవే మీద ఎవరు రాజు?

ఇక్కడ వర్టస్ నా మనసు దోచుకుంది. ఔటర్ రింగ్ రోడ్ మీద రూల్ ప్రకారం వెళ్లగలిగే స్పీడ్‌లోనే కారు రోడ్డుకి అతుక్కున్నట్టు ఉంది. తక్కువ స్పీడ్‌లో గుంతలు కొంచెం గట్టిగా తెలుస్తాయి, అది దానికి కట్టే రేటు. నిలకడగా వెళ్తుంటే నాలుగు సిలిండర్లలో రెండింటిని ఇంజిన్ తనే ఆపేసి పెట్రోల్ మిగుల్చుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 179 మి.మీ., కాబట్టి ఊళ్లో స్పీడ్ బ్రేకర్లకి భయం తక్కువ.

వెర్నా మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. స్టీరింగ్ లైట్, వెనక సీట్లో అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ 160 పీఎస్ నిజంగా తెలుస్తుంది. పైగా రాడార్‌తో పనిచేసే లెవెల్ 2 అడాస్ ఉంది, ఇది వర్టస్‌లో లేదు. ఫీచర్స్ లిస్ట్ చూసి కొనేవాళ్లకి వెర్నానే.

సేఫ్టీలో రెండింటికీ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్స్ ఇచ్చింది. కానీ స్టార్స్ దగ్గర ఆగకుండా రిపోర్ట్ చదవండి. వర్టస్ బాడీ షెల్‌కి "స్టేబుల్" అని, వెర్నా బాడీ షెల్‌కి "అన్‌స్టేబుల్" అని రాశారు. స్టార్స్ ఒకటే, వివరాలు వేరు. అమ్మానాన్నల్ని ఎక్కించుకుని హైవే ఎక్కేవాడిగా నాకు ఇది 10 పీఎస్ కంటే పెద్ద విషయం.

డబ్బు సంగతి

మైలేజ్ గురించి గొడవలు పడతాం కానీ, ఏఆర్ఏఐ లెక్కే నిజమనుకున్నా 1,140 కి.మీ.కి రెండింటి మధ్య తేడా 3 లీటర్ల లోపే. లీటర్ 107 రూపాయల చొప్పున నెలకి 300 లోపే. దానికోసం కారు మార్చుకోనక్కర్లేదు.

అసలు బరువు వేరే చోట ఉంది. 15 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే ఈఎంఐ 31 వేలు దాటుతుంది. 18 లక్షల కారుకి మన దగ్గర లైఫ్ ట్యాక్సే మూడు లక్షల పైమాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు కార్ల మీద పన్ను 45 నుంచి 40 శాతానికి తగ్గడం ఊరటే, కానీ ఆన్‌రోడ్ ధర చూస్తే గుండె ఇంకా జారుతుంది.

ఇక్కడే మూడో ఆప్షన్ కనిపించింది. అదే వర్టస్, 1.0 టర్బో ఇంజిన్‌తో. 115 పీఎస్, 178 ఎన్ఎం. ఆటోమేటిక్ మాత్రం డ్యూయల్ క్లచ్ కాదు, 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్. లోపల ఆయిల్ ద్వారానే పవర్ వెళ్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో బ్రేక్ వదిలితే మెల్లగా పాకుతుంది, రాపిడి గొడవ లేదు. వేరియంట్‌ని బట్టి 1.5 కంటే రెండు లక్షల చుట్టూ తక్కువ. రెండు లక్షలంటే అదే లోన్ లెక్కలో నెలకి 4,150 రూపాయలు.

మూడు సిలిండర్లు కాబట్టి ఆగి ఉన్నప్పుడు కొంచెం వైబ్రేషన్ ఉంటుంది. 1.5 నడిపాక దీన్ని తొక్కితే "ఇంతేనా" అనిపిస్తుంది. అబద్ధం చెప్పను, అనిపించింది. కానీ నలుగురం ఎక్కి నడిపినా లారీని దాటడానికి సరిపోయింది. బాడీ, సీటింగ్, రోడ్డు మీద పట్టు, అన్నీ అదే కారు.

మరి ఎవరు ఏది కొనాలి?

• వారానికి రెండు మూడుసార్లు హైవే ఎక్కేవాళ్లు, డ్రైవింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు: వర్టస్ జీటీ 1.5. మాన్యువల్ నడపగలిగితే ఇంకా మంచిది.
• వెనక సీటు, ఫీచర్స్, అడాస్, స్ట్రెయిట్ లైన్ స్పీడ్ కావాలంటే: వెర్నా టర్బో.
• నాలాగా గంటల కొద్దీ ట్రాఫిక్‌లో ఉండేవాళ్లు: వర్టస్ 1.0 ఆటోమేటిక్. "జీటీ లైన్" అనే వేరియంట్‌లో ఉండేదీ ఈ 1.0 ఇంజినే, పేరు చూసి 1.5 అని కన్ఫ్యూజ్ అవ్వకండి.

నేను 1.0 బుక్ చేశా. టోకెన్ కట్టి బయటికొస్తూ డిస్‌ప్లేలో ఉన్న జీటీ వైపు ఒకసారి వెనక్కి తిరిగి చూశానని ఒప్పుకుంటున్నా. నాన్న గమనించి, "చూసింది చాలు, పద. అమ్మ ఎదురుచూస్తది" అన్నారు.

ఆ నెలకి 8 గంటల్లో 1.5 గుర్తొస్తుంది, తెలుసు. మిగతా 30 గంటల్లో మాత్రం రాదు.